వేడికి పగులని గాజు

మందపాటి గాజు గ్లాసులో మరుగు నీరు పోసిన పగులుట విద్యార్థులెల్లరు ఎరిగినదే. లోపలి పొర వేడెక్కి వ్యాకోచించును. వెలుపలి పొర ఇంకను చల్లగనే యుండును. ఆ పెనుగులాటకు గాజు ఓర్వలేదు. ఈ చిక్కును విప్పిన అమెరికా కంపెనీ చరిత్ర తెలిసికొనదగినది.

ఏమరీ హౌటన్ కుటుంబపు గాజు పరిశ్రమ 1868లో బ్రూక్లిన్ నుండి న్యూయార్క్ రాష్ట్రములోని కార్నింగ్ పట్టణమునకు తరలినది. ఎడిసన్ విద్యుద్దీపములకు గాజు బుడ్లు చేసినది ఈ కర్మాగారమే. 1908లో కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడైన యూజీన్ సల్లివన్ ఆధ్వర్యమున పరిశోధనశాలను నెలకొల్పెను.

ఆ రోజులలో రైల్వే సిగ్నలు లాంతర్ల గాజు మంటకు కాగి, వానచినుకు తగులగనే పగిలెడిది. సిగ్నలు ఆరిపోయిన ప్రయాణికుల ప్రాణములకే ముప్పు. శాస్త్రజ్ఞులు బోరాన్ ఆక్సైడు చేర్చి, స్వల్పముగా వ్యాకోచించు గాజును సాధించిరి. లాంతర్లు పగులుట తగ్గగా, వాని అమ్మకమును తగ్గినది! కొత్త ఉపయోగము వెదకవలసి వచ్చెను.

1913లో కంపెనీ శాస్త్రజ్ఞుడు జెస్సీ లిటిల్‌టన్ భార్య బెస్సీ, కోసిన బ్యాటరీ జాడీ అడుగుభాగములో కేకు కాల్చి చూపినది. 1915లో ‘పైరెక్స్’ పాత్రలు అంగళ్లకు వచ్చినవి. పాలొమార్ దూరదర్శిని 200 అంగుళముల దర్పణమునకు వలసిన బిళ్లను 1934లో ఈ జాతి గాజుతోనే పోసిరి.

1998లో కార్నింగ్ వంటపాత్రల శాఖను విక్రయించినది. నేడు అమెరికాలో తయారగు వంటింటి పైరెక్స్ సోడా-సున్నపు గాజు. ప్రయోగశాల పైరెక్స్ బోరోసిలికేట్ గాజు. రెండవదాని వ్యాకోచము మొదటిదానిలో సుమారు మూడవ వంతు. కనుక పాత్రను మంటపై పెట్టుటకు ముందు పేరును గాక, పదార్థమును విచారింపవలెను.