కారులో తిరుగు నీరు

అనంతపురపు మెట్టసీమలో నీటి ప్రస్తావన లేక ఏ ముచ్చటయు సాగదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ సీమలో, పెనుకొండ చెంత ఎర్రమంచి కడ, 2019లో కియా కార్ల కర్మాగారము వెలసినది. హంద్రీ-నీవా పంపులు మెట్టుమెట్టుగా ఎత్తి పంపిన కృష్ణాజలమే గొల్లపల్లి జలాశయమునుండి దానికి ఆధారము. అచట తయారగు కారు కడుపులోను కొంత నీరు తిరుగుచుండును. దాని కథనే నేడు మేము చెప్పబూనితిమి.

1886లో జర్మనీ దేశీయుడగు కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిలో నీరు ఇంజను వేడికి కాగి ఆవిరియై పోవుచుండెను. 1888లో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు ఆ బండిపై వెళ్ళుచు, దారిపొడవున నీరు పోసికొనవలసివచ్చెను. నీటికి కొదువలేని దేశము గనుక సరిపోయినది! మన మెట్టపై, నడివేసవిలో, అట్టి బండి ఊరిబావి కడ బిందెలతో నిలిచిన ఇల్లాండ్ర వరుసలో చేరవలసివచ్చెడిది.

పోవు నీటిని నిలుపుకొను ఉపాయము 1900లో విల్‌హెల్మ్ మైబాహ్‌కు చిక్కెను. మెర్సిడెస్ బండికై ఆయన తేనెపట్టువంటి రేడియేటరును కూర్చెను. వేలకొలది సన్నని గొట్టములగుండ గాలి వీచును. వాని నడిమి సందులలో పారు నీరు చల్లబడి మరల ఇంజనును చేరును. 9 లీటర్ల నీరే చాలెను.

1908లో వచ్చిన ఫోర్డు టీ కార్లలో, మొదటి కొన్నింటికి తప్ప, పంపే లేదు. వేడినీరు తేలికయై పైకెగయును, చల్లనిది బరువై దిగును; ఆ కదలికయే చాలునని తలచిరి. కాని నీటిమట్టము పైగొట్టపు నోటికంటె తగ్గెనా, ప్రవాహము నిలిచి, ఉన్న నీరు కుతకుత ఉడుకును. పిమ్మట పంపు స్థిరపడెను. ఇంజను తగినంత వేడెక్కువరకు దారి మూసియుంచు థర్మోస్టాటును వచ్చెను.

మన సీమకు మిక్కిలి పనికివచ్చినది మాత్రము బిగుతైన మూతయే అని మా తలంపు. సుమారు 620 మీటర్ల ఎత్తున నున్న హిందూపురములో నీరు 98 డిగ్రీలకే మరుగును. మూత లోపలి ఒత్తిడిని పెంచుటచే 100 దాటినను మరుగదు. డబ్బాతో నీటికై పరుగెత్తు బస్సు క్లీనరు నేడు అరుదగుటకు ఇదియు నొక కారణము.

ఇపుడు ఆ నీటిలో గ్లైకాలును కలుపుదురు. తరచుగా వాడు ఇథిలీన్ గ్లైకాలు రుచికి తీయన, లోనికి విషము. మార్చిన ద్రవమును షెడ్డు వెనుక గుంటలో పారబోసినచో, దప్పిగొన్న గొఱ్ఱె దానిని నీరనియే త్రాగును.