బట్టమేక దారిలో కరెంటు తీగలు

బట్టమేక పిట్ట కోసం కర్నూలు సీమలోని రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేశారు. నేడు అక్కడ అది కనబడటమే గగనం. ఈ జాతికి ఇప్పుడు ప్రధాన ఆసరా రాజస్థాన్‌లోని జైసల్మేర్ గడ్డిమైదానాలే. అక్కడా గాలిమరలు, సోలార్ పలకలు వెలిశాయి. వాటి వెంట హైటెన్షన్ తీగలూ వచ్చాయి. 15 కిలోల దాకా తూగే ఈ పక్షికి ఎదుటి చూపు తక్కువ. తీగ కనబడేసరికి చప్పున పక్కకు మళ్లలేదు.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీలైనచోట తీగలను భూమిలోపలికి మార్చమంది. ఆ ఆదేశం పరిధి సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లు. 2024 మార్చిలో దాన్ని సడలించి, ఎక్కడ ఏది తగునో తేల్చే పని నిపుణుల కమిటీకి అప్పగించింది.

ఈలోగా, 2022లో, బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ ‘అవిస్టెప్’ అనే డిజిటల్ పటాన్ని తెచ్చింది. మొదట భారత్, నేపాల్, థాయిలాండ్, వియత్నాంలకు దాన్ని సిద్ధం చేశారు. గాలిమరలో, సోలార్ పలకలో, విద్యుత్ తీగలో ఎంచుకుంటే చాలు, పక్షులకు ముప్పు ఎక్కువున్న చోట్లు రంగుల్లో తేలతాయి. స్థలం ఖరారు కాకముందే అధికారులూ కంపెనీలూ దాన్ని చూసుకోవచ్చు.