వార్డు కమిటీలు, కో-ఆప్షన్ సభ్యులు (నిజామాబాద్, బోధన్)

ఓటర్లు ఎన్నుకున్న కార్పొరేటర్లు, కౌన్సిలర్లతో పాటు పురపాలనలో పౌరులకు చోటు కల్పించే ఏర్పాటు. నిజామాబాద్ నగరపాలక సంస్థకూ, చక్కెర ఫ్యాక్టరీతో పేరొందిన బోధన్ పురపాలక సంఘానికీ తెలంగాణ పురపాలక చట్టం, 2019 వర్తిస్తుంది.

కో-ఆప్షన్ సభ్యులు: వీరిని పాలకవర్గ సభ్యులు ఎన్నుకుంటారు. పురపాలనలో అనుభవజ్ఞులకు, మైనారిటీలకు అవకాశం ఉంటుంది. రాజ్యాంగం 243ఆర్ అధికరణం ప్రకారం, పురపాలన నిపుణులుగా వచ్చినవారికి సమావేశాల్లో ఓటు హక్కు ఉండదు.

వార్డు కమిటీలు: ప్రతి వార్డుకూ యువజన, మహిళా, వయోవృద్ధుల, ప్రముఖ పౌరుల కమిటీలు నాలుగు; ఒక్కోదానిలో 15 మంది. 60 డివిజన్ల నిజామాబాద్‌లో ఈ లెక్కన 3,600 మందికి చోటుంది. మురుగు కాలువ పూడికైనా, మొక్కల సంరక్షణైనా ముందుగా తెలిసేది ఆ వీధివారికే కనుక, ఈ నియామకాలు సకాలంలో, పక్షపాతం లేకుండా జరగడం అత్యవసరం.