హుగ్లీ ఫెర్రీలకు ప్రజాధనం

కోల్‌కతాలోని భవానీపూర్ పక్కగా పారి హుగ్లీలో కలిసే ఆదిగంగను 18వ శతాబ్దంలో విలియం టాలీ తవ్వించి, పడవల నుంచి సుంకం వసూలు చేసుకున్నాడు. నేటి హుగ్లీ జలరవాణాకు ఆధారం ప్రభుత్వ రుణం. 2021 జనవరిలో కేంద్రం, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకుతో 10.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాయి. తీర్చే గడువు 17 ఏళ్లు. అందులో 7 ఏళ్లు విరామ కాలం. జెట్టీల పునరుద్ధరణ, కొత్త ఫెర్రీలు, 40 చోట్ల ఎలక్ట్రానిక్ గేట్లు ఇందులో భాగం.

అప్పటికి ఆ ప్రాంత ప్రయాణికుల రవాణాలో నది వాటా 2 శాతంలోపే. వంతెనలపై భారం తగ్గించగలిగినవి లారీలను దాటించే రో-రో నౌకలు. వాటిపై పెట్టుబడికి మాత్రం ప్రైవేటు రంగాన్ని ప్రోత్సహించాలని ప్రతిపాదించారు.