రైఫిల్ స్కోపూ, అడవిపందీ, ఎల్బీనగర్ అవతలి జింకలూ

దిల్‌సుఖ్‌నగర్ అనగానే మనవాళ్ళకి హాస్టళ్ళూ, జావా కోచింగులూ గుర్తొస్తాయి. అక్కణ్ణుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే, వనస్థలిపురం పక్కనే 3,600 ఎకరాల పైచిలుకు అడవి ఉంది. మహావీర్ హరిణ వనస్థలి. ఆ చుట్టుపక్కల ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళలో కూడా లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు తక్కువే. ఒకప్పుడు అది నిజాం నవాబుల వేటస్థలం. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆ పేరు పెట్టి జింకల అభయారణ్యం చేశారు. 1994లో నేషనల్ పార్కు అయింది. లోపల కృష్ణజింకలున్నాయి, అడవిపందులూ ఉన్నాయి.

వేట అంటే ఈరోజు మనకి గుర్తొచ్చేది సినిమాల్లో చూపించే స్కోపూ, అందులో ప్లస్ గుర్తూ. ఆ రోజుల దక్కన్ వేటలో దానితో పెద్దగా పనే లేదు. కృష్ణజింకని మచ్చిక చేసిన చీతాలతో పట్టించేవారు (ఆ చీతాలే మన దేశంలో అంతరించాయని 1952లో ప్రకటించారు). పులిని ఏనుగు మీంచో, మంచె మీంచో దగ్గరగా కొట్టేవారు. కెన్నెత్ ఆండర్సన్ 1910లో మన బొల్లారంలోనే పుట్టాడు. నరభక్షక పులుల కోసం రాత్రంతా మేలుకుని కూర్చునే ఆయన తన .405 వించెస్టర్‌కి బిగించుకున్నది స్కోప్ కాదు, టార్చిలైటు.

మరి ఈ స్కోపుల పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చింది? అమెరికా నుంచే. 1830-40ల నాటికే అక్కడ రైఫిల్ గొట్టం పొడవునా దుర్భిణి బిగించేవారు. అంతర్యుద్ధంలో (1861-65) వాడారు కూడా. కానీ మామూలు జనం చేతికి వచ్చింది 1930 ప్రాంతంలో, బిల్ వీవర్ చవకైన స్కోప్ తయారు చేశాక. సరిగ్గా అప్పుడే .22 హార్నెట్ తూటా, 1935లో సెకనుకి దాదాపు 4,000 అడుగుల వేగంతో పోయే .220 స్విఫ్ట్ వచ్చాయి. పచ్చిక బయళ్ళలో బొరియలు తవ్వే ఉడ్‌చక్, ప్రైరీ డాగ్ లాంటి చిన్న జంతువుల్ని పట్టపగలు మూడొందల గజాల నుంచి కొట్టడం ఒక కాలక్షేపం అయిపోయింది. అందుకే అక్కడి పెస్టు వేటగాళ్ళ కేటలాగుల్లో 6-24 రెట్ల స్కోపులు కనిపిస్తాయి. పిడికెడు జంతువు, చాలా దూరం, బోలెడంత వెలుతురు. ఆ లెక్కకి ఆ స్పెసిఫికేషన్ కరెక్టే.

మన రైతుకి పెస్టు ఎవరు? అడవిపంది. రిక్వైర్‌మెంట్స్ పూర్తిగా తిరగబడ్డాయన్నమాట. పెద్ద జంతువు, యాభై గజాల లోపు, చుట్టూ మొక్కజొన్న, అదీ చీకట్లో. ఇక్కడ చిన్న లెక్క చూడండి. ముందు అద్దం వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వ్యాసం వస్తుంది. 50 మి.మీ. అద్దం, 24 రెట్లు అంటే 2 మి.మీ. చిల్లర. 40 మి.మీ. అద్దం, 4 రెట్లు అంటే 10 మి.మీ. చీకట్లో మన కంటిపాప 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది (వయసుతో తగ్గుతుంది, మానిటర్ ముందు కూర్చున్నా కూర్చోకపోయినా). అంటే 24 రెట్ల స్కోప్ రాత్రిపూట కంటిని సగం ఆకలితో ఉంచుతుంది. పైగా వంద గజాల దూరాన నాలుగైదు అడుగుల మేర తప్ప ఏమీ చూపించదు. పంది వెనక మంచె మీద పడుకున్న మనిషి ఉన్నా తెలీదు. నన్నడిగితే తక్కువ రెట్ల స్కోపే మేలు. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్‌తో, గొట్టం చివరి ములుకు చూసి గురిపెట్టే పాతకాలం మనిషి కూడా ఇక్కడ పనికొస్తాడు.

అసలు చిక్కు స్కోప్‌ది కాదు, ఎవరు ఎప్పుడు కాల్చొచ్చు అన్నది. 1972 వన్యప్రాణి చట్టంలో పెస్టుల కోసం అయిదో షెడ్యూల్ ఉండేది. అందులో కాకులూ, ఎలుకలూ, గబ్బిలాలే, పంది లేదు. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. ఇప్పుడు పంది రెండో షెడ్యూల్లో ఉంది. కృష్ణజింకకి మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. కానీ నారాయణపేట వైపు రైతుని అడగండి, ఆ జింకల మందలు పొలాన్ని ఏం చేస్తాయో చెప్తాడు. వనస్థలిపురంలో టికెట్టు కొని పిల్లలకి చూపించే జంతువు అదే మరి!

కేంద్రం 2015 డిసెంబర్లో బీహార్‌లో నీల్‌గాయినీ, అడవిపందినీ ఏడాదిపాటు పెస్టులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామాలో రెండొందలకు పైగా నీల్‌గాయిల్ని కాల్చారు. కాల్చడానికి వెళ్ళింది హైదరాబాద్ షూటర్లే. మేనకా గాంధీ, ప్రకాశ్ జవడేకర్ ఒకే కేబినెట్‌లో ఉండి బహిరంగంగా తగువులాడుకున్నారు. టీవీలో చూసినవాళ్ళందరం ఏదో ఒక పక్షం తీసుకున్నాం, పొలం గట్టు మీద రాత్రి కాపలా కాసిన అనుభవం మనలో ఎంతమందికుందో గానీ.

లైసెన్సున్న షూటర్ అందరికీ అందడు. అనుమతి కాగితం వచ్చేలోపు వేరుశనగ అయిపోతుంది. అప్పుడు రైతు చేసేది పొలం చుట్టూ కరెంటు తీగ కట్టడం. దానికి పంది పడుతుంది, చిరుతపులి పడుతుంది, తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క పొలం మనిషీ పడతాడు. పేపర్లో జిల్లా పేజీ చూసేవాళ్ళకి ఈ వార్త కొత్త కాదు. నగరానికి ఆ చివర, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వేరుశనగ చుట్టూ కొన్ని వరసలు కుసుమ వేయమంటారు. ముళ్ళకీ వాసనకీ పంది లోపలికి రాదని. దానికి ఖర్చయ్యేది కాసిని విత్తనాలు.