నేను ఇక్కడ క్షేమం

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో మాకు ఐదో తరగతిలో తెలుగు మాస్టారు నేర్పారు. "నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను." జ్వరంతో పడుకున్నవాళ్ళు కూడా అలాగే రాయాలా అని ఎవరో అడిగితే, ముందు అలా రాసి జ్వరం సంగతి తరవాత రాయమన్నారు. చాలా ఏళ్ళ తరవాత, పరిశోధన కోసం ఆడవాళ్ళ ఉత్తరాలు, డైరీలు, స్వీయచరిత్రలు వరసగా చదువుతున్నప్పుడు ఆ వాక్యం మీద నాకు గట్టి అనుమానం మొదలైంది. జ్వరం సంగతి ఆ "తరవాత" ఎక్కడా కనిపించేది కాదు.

ఈ వ్యాసానికి మూలం మాత్రం పుస్తకం కాదు. 2016లో సికింద్రాబాద్‌లో సిటీ బస్సు కోసం నిలబడి ఉంటే పక్కన ఇద్దరమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. మోకాళ్ళు దాటిన పావడాలు, భుజాలకి సంచులు, ఎడమవైపు నల్లని పేరు పలక. దాని మీద "సిస్టర్" అని, ఆ పక్కన ఇంటిపేరు. ఒకమ్మాయిది గోదావరి జిల్లాల యాస. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం, అంటే లోకం మార్మన్లని పిలిచే సంఘం తరఫున మిషనరీగా వచ్చానంది. ఆమెకి ఇరవై ఉంటాయేమో. దేవుడి గురించి నాతో మాట్లాడాలని ఆమె ప్రయత్నం, ఆమె గురించి తెలుసుకోవాలని నా ప్రయత్నం. చివరికి నేనే గెలిచాను. పద్ధెనిమిది నెలలు ఇంటికి వెళ్ళకూడదు. జత సిస్టర్‌ని వదిలి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు, పడుకునేది కూడా ఒకే గదిలో. ఫోను ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కి ఒకటి, మాతృదినోత్సవానికి ఒకటి. వారానికో రోజు బట్టలుతుక్కోవడానికి, కూరగాయలు కొనుక్కోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి సెలవు. ఉత్తరమంటే అప్పటికే ఈమెయిలు.

"అమ్మకి అన్నీ రాస్తావా?" అని అడిగాను.

"అన్నీ ఎలా రాస్తాం అక్కా!" అని నవ్వేసింది.

ఆ నవ్వు నన్ను వదల్లేదు. నేను ఆ మతస్తురాలిని కాను, దాని వేదాంతంతో నాకు పేచీలే ఎక్కువ. కానీ ఇరవై ఏళ్ళ ఆడపిల్ల ఒక సంస్థకు ప్రతినిధిగా ఊరుకాని ఊళ్ళో ఉంటూ తల్లికి ఉత్తరం రాయడం సాహిత్య విద్యార్థిగా నాకు చాలా ఆసక్తికరంగా తోచింది. ఎవరు మొదలుపెట్టారు దీన్ని? వెతుక్కుంటూ వెళ్తే 1898లో తేలాను.

దానికంటే ముందు ఇంకో ఉత్తరం గురించి చెప్పాలి. జోసెఫ్ స్మిత్ 1830లో స్థాపించిన ఈ సంఘం ఏడేళ్ళు తిరిగేసరికి ఇంగ్లండుకు ప్రచారకుల్ని పంపింది. మగవాళ్ళు వెళ్ళేవారు, ఆడవాళ్ళు ఇళ్ళు నెట్టుకొచ్చేవారు. 1839 ఆగస్టులో విల్‌ఫర్డ్ వుడ్రఫ్ చలిజ్వరంతో వణుకుతూనే అయోవా నుంచి ఇంగ్లండు బయలుదేరాడు. భార్య ఫీబీ గర్భిణి. మరుసటి మార్చిలో కొడుకు పుట్టాడు. జులైలో రెండేళ్ళ కూతురు సారా ఎమ్మా చనిపోయింది. బిడ్డని మట్టిచేసి ఆ కబురు కాగితం మీద పెట్టాల్సింది ఫీబీయే. అది అతనికి చేరేసరికి నెలలు గడిచాయి. చరిత్ర పుస్తకాల్లో ఆ సంవత్సరం ఇంగ్లండులో అతను సాధించిన విజయాల లెక్క ఉంటుంది. ఈ మగవాళ్ళ త్యాగాల కింద నిశ్శబ్దంగా నలిగిన ఇళ్ళని, ఆ ఇళ్ళలోని స్త్రీల డైరీలని చరిత్రకారిణి లారెల్ థాచర్ అల్‌రిచ్ 2017లో ఒక పుస్తకంగా మనముందు పెట్టింది. ఆమె కూడా మార్మన్ స్త్రీయే కావడం నాకు ముఖ్యమనిపించింది. లోపలి మనిషి కాకపోతే ఆ డైరీల్లో రాయకుండా వదిలేసిన వాటిని అంత ఓపికగా చదవడం కష్టం.

ఆ విల్‌ఫర్డ్ వుడ్రఫే తరవాత సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బహుభార్యాత్వాన్ని ఆపుతున్నామని 1890లో ప్రకటించింది అతనే. 1898లో, తను చనిపోయే ఏడాదిలో, పెళ్ళికాని ఆడపిల్లల్ని అధికారికంగా మిషనరీలుగా పంపడానికి ఒప్పుకున్న పెద్దల్లో మొదటివాడు కూడా అతనే.

ఎందుకు ఒప్పుకున్నారు? ఆడపిల్లల ఆత్మవికాసం కోసమైతే కాదు. అప్పటికి ఇంగ్లండులో మార్మన్ల మీద ప్రచారం ఉధృతంగా ఉంది. సంఘాన్ని వదిలేసిన విలియం జార్మన్ లాంటివాళ్ళు ఊరూరా సభలు పెట్టి యూటాలో ఆడవాళ్ళు ఖైదీల్లా, బానిసల్లా బతుకుతున్నారని చెప్పేవారు. మగ మిషనరీలు ఇంగ్లీషు పిల్లల్ని మభ్యపెట్టి జనానాల్లో చేర్చడానికే వస్తారని జనం నమ్మేవారు. మగవాడు ఎంత మొత్తుకున్నా ఈ నమ్మకం పోదు కదా! 1897 అక్టోబరులో లండన్‌లో జరిగిన సభకి ఎలిజబెత్ మెక్యూన్ అనే సంపన్న గృహిణి కేవలం శ్రోతగా వెళ్ళింది. కుటుంబంతో యూరప్ చూడడానికి వచ్చిన మనిషి. ఆమెని హఠాత్తుగా లేచి మాట్లాడమన్నారు. యూటా స్త్రీలు ఎలా బతుకుతున్నారో ఆమె తన మాటల్లో చెప్పింది. జనం విన్నారు. అది చూసిన అక్కడి మిషన్ పెద్దలు ఆడ మిషనరీలు కావాలని యూటాకి రాశారు.

నాకు ఇక్కడ ఆగాలనిపిస్తుంది. స్త్రీ వేదిక మీదికి వచ్చింది, నిజమే. కానీ వక్తగానా, సాక్ష్యంగానా? మా ఆడవాళ్ళు బాగానే ఉన్నారు చూడండి అని చూపించడానికి ఒక ఆడమనిషిని నిలబెట్టారు. మన సంస్కరణోద్యమ సభల్లో కూడా చదువుకున్న ఒక భార్యనో కూతుర్నో ఇలాగే నిలబెట్టేవారు. నిలబడ్డవాళ్ళు ఆ సందులోంచే తమ మాట చెప్పుకున్నారన్నది కూడా అంతే నిజం.

అలా పిలుపు అందుకున్న మొదటి ఇద్దరూ ప్రోవో ఊరివాళ్ళు. ఇనెజ్ నైట్‌కి ఇరవైఒకటి, జెన్నీ బ్రిమ్‌హాల్‌కి ఇరవైరెండు. ఇద్దరూ బ్రిగం యంగ్ అకాడమీలో చదివారు. ఇనెజ్ తండ్రి గనుల యజమాని, జెన్నీ తండ్రి అధ్యాపకుడు. జెన్నీకి ఇనెజ్ అన్నతో పెళ్ళి కుదిరింది. అతనప్పుడు మిషన్ మీద ఉన్నాడు. సరదాగా యూరప్ యాత్ర చేద్దామనుకున్న స్నేహితురాళ్ళు మిషనరీలయ్యారు. ఏప్రిల్ 1న వాళ్ళ తల మీద చేతులుంచి ప్రార్థించి పంపారు. అదే నెల 21న లివర్‌పూల్‌లో దిగారు. దిగిన కొద్దిరోజులకే వీధిలో నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. 1898లో మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల వీధి మూలన నిలబడి అపరిచితులకి ఉపన్యసించడమంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. తను ఎంత వణికిపోయిందో ఇనెజ్ డైరీలో ఉంది.

ఇందులో ఒక వింత ఉంది. యూటా స్త్రీలకి 1870లోనే ఓటు వచ్చింది. 1887లో బహుభార్యాత్వాన్ని అణచడానికి చేసిన చట్టంలో భాగంగా అమెరికా ప్రభుత్వం ఆ ఓటు లాక్కుంది. 1896లో యూటా రాష్ట్రం అయినప్పుడు మళ్ళీ వచ్చింది. అదే ఏడాది మార్తా హ్యూస్ కానన్ అనే వైద్యురాలు రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికైంది. ఓడిన అభ్యర్థుల్లో ఆమె భర్త కూడా ఉన్నాడు! మీరు బానిసలట కదా అని ఈ అమ్మాయిల్ని జాలిగా అడిగిన ఇంగ్లీషు స్త్రీలకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు 1918 దాకా లేదు, అప్పుడు కూడా ముప్పై దాటినవాళ్ళకే. బానిస ఎవరు, స్వతంత్రురాలు ఎవరు అన్నది అడిగేవాళ్ళు నిలబడ్డ చోటుని బట్టి మారిపోతుంది.

అయితే మార్తా కథకి రెండో వైపు కూడా ఉంది. ఆమె ఆ భర్తకి నాలుగో భార్య. 1886లో పోలీసులు బహుభార్యాత్వం కేసులు పెడుతుంటే, భర్తకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని చంటిబిడ్డనెత్తుకుని ఇంగ్లండు పారిపోయింది. అక్కడ మారుపేర్లతో తలదాచుకుంటూ భర్తకి రాసిన ఉత్తరాలు దొరికాయి, అచ్చయ్యాయి. ఒంటరితనం, మిగతా భార్యల మీద అసూయ, భర్త ప్రేమ మీద అనుమానం, మళ్ళీ అతని కోసమే తపన, అన్నీ ఉంటాయి వాటిలో. దాక్కున్న స్త్రీ కాబట్టి ఆ ఉత్తరాలు ఎవరూ చూడరనుకుని రాసింది. పన్నెండేళ్ళ తరవాత అదే ఇంగ్లండులో ఇనెజ్, జెన్నీ అందరూ చూడడానికే నిలబడ్డారు. ఆ రోజుల్లో మిషనరీల ఉత్తరాలు యూటా పత్రికల్లో అచ్చయ్యేవి, ఇంట్లో పదిమంది మధ్య చదివేవారు. ఇనెజ్, జెన్నీల పరిచయం ఆ ఏడాది జూన్‌లోనే అక్కడి యువతుల పత్రికలో వచ్చింది. అలాంటప్పుడు ఇంటికి రాసే ఉత్తరంలో "నాకు భయంగా ఉంది" అని ఎవరు రాయగలరు?

కొన్ని నెలలకే జెన్నీ ఆరోగ్యం చెడి ఇంటికి వెళ్ళిపోయింది. 1899 జనవరిలో పెళ్ళి చేసుకుంది. ఇనెజ్ ఉండిపోయింది. తరవాత వచ్చిన లైజా చిప్‌మన్ ఆమెకి జతయింది. బ్రిస్టల్‌లో జనం గుంపుగా వెంటపడి మట్టిబెడ్డలు, రాళ్ళు విసిరితే పోలీసు స్టేషన్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. రెండేళ్ళు దాటాక, 1900లో ఇల్లు చేరింది. ఆమె డైరీ ఇప్పటికీ ప్రోవో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

అదే 1898లో మన గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆస్పత్రి తెరిచింది. లూథరన్ మిషన్ ఆమెని 1883లో పంపినప్పుడు డాక్టరుగా పంపలేదు, జెనానాల్లో చదువు చెప్పే పనికి పంపింది. ఆడ మిషనరీ అనగానే మనకి గుర్తొచ్చేది ఆమెలాంటి వాళ్ళే. చేతిలో ఒక వృత్తి ఉంది, జీవితాంతం ఉండిపోయారు. ఈ మార్మన్ అమ్మాయిలకి వృత్తి లేదు, జీతం లేదు, ఖర్చంతా ఇంటిదే. కొన్నాళ్ళు వయసుని ఇచ్చేసి తిరిగి వెళ్ళిపోవాలి. అందుకే వీళ్ళ చరిత్ర అంతా ఉత్తరాల్లోనే మిగిలింది. కట్టిన ఆస్పత్రులేవీ లేవు.

నూట ఇరవై ఏళ్ళలో ఏం మారింది? ఆడపిల్లలు వెళ్ళే వయసుని 2012లో ఇరవైఒకటి నుంచి పంతొమ్మిదికి తగ్గించారు. ఆ తరవాత వాళ్ళ సంఖ్య బాగా పెరిగింది. 2019 నుంచి వారం వారం ఇంటికి ఫోను చెయ్యనిచ్చారు. మారనిది, నా దృష్టిలో, ఇది: సిస్టర్ నెలల తరబడి ఒక మనిషికి బోధించి ఒప్పించినా బాప్తిస్మం ఇచ్చే అధికారం ఆమెకి లేదు. ఆమె కంటే చిన్నవాడైనా సరే, ఒక కుర్రాడు రావాలి. మగపిల్లలకి మిషన్ బాధ్యత, ఆడపిల్లలకి ఇష్టమైతే వెళ్ళే అవకాశం అంటారు. వినడానికి స్వేచ్ఛలాగే ఉంటుంది. ఇంకో సంగతి, వారానికి ఉత్తరాలు రెండు. ఒకటి ఇంటికి, ఒకటి మిషన్ అధ్యక్షుడికి. తన మంచి చెడ్డలు ఆమె వారం వారం ఒక పెద్దమనిషికి రాయాలి. ఈ రెండో ఉత్తరం పక్కన పెట్టుకుని మొదటిది ఎలా రాస్తారా అని నా ఆలోచన.

మన దగ్గరికి ఈ మతం వచ్చిన తీరు ఇంకా చిత్రం. 1850లలో మద్రాసుకి వచ్చిన మగ మిషనరీలు ఎక్కువకాలం నిలదొక్కుకోలేకపోయారు. 1978 చివర్లో, సమోవా దీవుల్లో ఉద్యోగరీత్యా ఉంటూ ఆ సంఘంలో చేరిన ఒక తెలుగు దంపతులు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. పరాయి ఊరికి కాదు, సొంత బంధువుల ఇంటికి! ఇరవైమందికి పైగా చుట్టాలు బాప్తిస్మం తీసుకున్నారు. ఆమె తండ్రి బాప్టిస్టు పాస్టరు, మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. కూతురి మాట విని తండ్రి ఒక గ్రంథం అనువదించడం మన సాహిత్య చరిత్రలో ఎన్నిసార్లు జరిగిందో నాకు తెలీదు.

ఇదంతా ఎందుకు తవ్వుకుంటూ పోయానో కూడా చెప్పాలి. పదిహేనేళ్ళప్పుడు నన్ను ఇంటర్ చదువుకి ఒక హాస్టల్లో వేశారు. ఫోను ఆదివారం, వార్డెన్ టేబుల్ ముందు, ఐదు నిమిషాలు. అందుకని నేను ఇన్‌లాండ్ కవర్ల మీద ఉత్తరాలు రాసేదాన్ని. అవి కూడా ఆఫీసులో ఇస్తేనే పోస్టుకి వెళ్ళేవి. మా ఊరి మొత్తానికి ఆ ఏడాది ఆ కాలేజీలో సీటొచ్చింది నాకొక్కదానికే, మా నాన్న అందరికీ చెప్పుకున్నాడు. నేనూ ఒక ప్రతినిధినే. రెండో ఏడాది నా పక్క మంచం అమ్మాయి ఒక రాత్రి చచ్చిపోదామనుకుంది. బతికింది. తెల్లారేసరికి ఆమె పరుపు కూడా తీసేశారు, ఎవరూ మాట్లాడకూడదన్నారు. మొన్నామధ్య మా అమ్మ ట్రంకుపెట్టెలో ఆ వారం నా ఉత్తరం దొరికింది. నేను క్షేమం, అన్నం బాగుంటోంది, లెక్కల్లో మార్కులు పెరిగాయి, ఇక్కడ అందరం బాగున్నాం. నా చేతిరాతే. చదువుతుంటే ఒళ్ళు మండింది, నా మీద నాకే.

అమ్మకి చూపించి, ఆ రోజు ఏం జరిగిందో ఇరవై ఏళ్ళ తరవాత చెప్పాను. ఆమె కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అందరం బాగున్నాం అని ఎప్పుడు రాశావే నువ్వు? ఎప్పుడూ నేను అనే రాసేదానివి. ఇది చూసే మీ నాన్నని పంపించాను" అంది.

అవును. ఆ శుక్రవారం నాన్న వచ్చాడు, సంచిలో జంతికలు పట్టుకుని. ఇటు పనుండి వచ్చానన్నాడు. గేటు దగ్గర పావుగంట కూర్చున్నాం. ఆయన ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.