సెప్టిక్ ట్యాంకు పుట్టుక

లండను, పారిస్ వంటి మహానగరముల భూగర్భపు కాలువలను గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. అంతటి వ్యయమును భరింపజాలని చిన్న ఊళ్లు తమ మురుగునీటిని ఏమి చేసికొనినవో చెప్పినవారు కొలదిమందియే. నేడు మన పల్లెలలో ఎన్నో ఇండ్ల వెనుక కనబడు సెప్టిక్ ట్యాంకు ఆ కథలోనిది. దానినే మేము శ్రోతలకు వినిపింపదలచితిమి.

1860 ప్రాంతమున ఫ్రాన్సు దేశములోని వెసూల్ పట్టణమున మూరాస్ అను నాతడు తన యింటి మరుగుదొడ్డి నీరు చేరుటకు గాలి చొరని తొట్టి నొకదానిని కట్టించెను. కొన్నేండ్లకు మూత తీయించి చూడగా, గట్టి పదార్థముతో నిండియుండవలసిన తొట్టిలో నీరును, పైన పలుచని తెట్టెయు మాత్రమే కనబడెను. తక్కిన దంతయు ఏమైనట్లు? గాలి తగులని చోట బ్రతుకు సూక్ష్మజీవులు దానిని కరగించినవని శాస్త్రజ్ఞులు క్రమముగా గ్రహించిరి. 1881లో మూరాస్ దానికి పేటెంటు పొందెను.

ఇంగ్లండులోని ఎక్సిటర్ పుర సర్వేయరు డోనాల్డ్ కామెరాన్ 1895లో ఆ పద్ధతిని మెరుగుపరచి, 'సెప్టిక్ ట్యాంకు' అని పేరు పెట్టెను. తొట్టిలో పుట్టిన వాయువుతో అచట దీపములు వెలిగించిరి. 1897 నాటికే ఆ విద్య మన దేశమునకు వచ్చెను. బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రయమున అట్టి వాయువును పోగుచేసి ఇంజను నడిపిరి. లోకము దూరముగా నుంచినవారి నివాసమే ఈ కొత్త విద్యకు తొలి తావులలో ఒకటి యగుట గమనింపదగినది.

అయితే తొట్టిలో జరుగునది సగము పనియే. వెలుపలికి వచ్చు నీరు కంటికి తేటగా నున్నను రోగక్రిములతో నుండును. కామెరాన్ ఆ నీటిని వడపోత పడకల మీదికి మరల్చెను. పల్లెలో ఆ పని నేల చేయవలెను. బావికి దూరముగా త్రవ్విన ఇంకుడుగుంతలోనికి గొట్టము పోవలెను. మన వీధులలో అది తరచుగా పక్క కాలువలోనికే పోవుచున్నది.

ఇంతకంటె ఘోరమైనది వేరొకటి కలదు. దీపము వెలిగించు వాయువుతోపాటు హైడ్రోజన్ సల్ఫైడు కూడ తొట్టిలో పుట్టును. మడ్డి తీయ దిగిన మనిషి దానిని పీల్చి క్షణములలో స్పృహ తప్పును; రక్షింప దిగిన రెండవవాడును అంతే. రక్షణ సాధనములు లేక మనుషులను దింపుటను 2013 చట్టము నిషేధించెను. 1993 మొదలు ఇట్లు మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పెను. 2023లో ఆ మొత్తమును 30 లక్షలకు పెంచెను.

భూగర్భజలము లోతుగా నున్న ఊళ్లలో జంటగుంటల మరుగుదొడ్డి చాలును. ఒక గుంట నిండగానే దారి మార్చి రెండవదానిని వాడుదురు. మూసిన గుంటలోనిది రెండేండ్లలో వాసన లేని ఎరువగును. ఇంటివారే పారతో తీసి చేనికి వేసికొనవచ్చును. కాని పెద్ద తొట్టి యుండుటయే గౌరవమని తలచు ఇండ్లు మనలో తక్కువ కావు.